రోడ్డు రద్దీకి బిల్లు కడుతున్నదెవరు?

ఈ పేజీల్లో మనం ఎక్కువగా బీపీ, షుగరు, గర్భిణుల ఆహారం, పిల్లల టీకాల గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. ఈసారి రోడ్డు మీదికి వెళదాం. ట్రాఫిక్ సంగతి ఆసుపత్రి పత్రికలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కాన్పు నొప్పులతో ఆటోలో కూర్చున్న తల్లికి, ఛాతీ నొప్పితో అంబులెన్సులో పడుకున్న పెద్దాయనకు, రోడ్డు వారనున్న ఇంట్లో రాత్రంతా పిల్లికూతలతో ఊపిరి తీసుకునే పసిబిడ్డకు అది ఆసుపత్రి సంగతే.

ప్రపంచంలో కొన్ని నగరాలు ఈ రద్దీకి ఒక మందు వాడి చూశాయి. రద్దీ వేళల్లో నగరం నడిబొడ్డుకు వచ్చే కార్ల నుంచి రుసుము వసూలు చేయడమే ఆ మందు. వినగానే ఎవరికైనా కోపం వస్తుంది. పెట్రోలు ధర, రోడ్డు పన్ను, టోల్ గేటు చాలవా, ఇంకా ఇదొకటా అనిపిస్తుంది. అయినా ఆ మందు ఎక్కడ పని చేసింది, ఎక్కడ తేలిపోయింది, పిల్లల ఆరోగ్యం మీద ఏం చూపించింది అన్నది మనం తెలుసుకోదగ్గ విషయమే.

ఓపీ ముందు వరుస

రద్దీ లెక్క అర్థం కావడానికి మన ఓపీ చాలు. ఒక డాక్టరుగారు గంటకు 12 మందిని చూడగలరనుకుందాం. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు 48 మందిని చూస్తారు. ఆ రోజు వచ్చేవారూ సరిగ్గా 48 మందే. గంటకు 12 మంది చొప్పున వస్తే బెంచీ మీద ఎవరూ ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు. కానీ అందరికీ పొద్దున్నే చూపించుకుని వెళ్లిపోవాలని ఉంటుంది. అందుకని మొదటి రెండు గంటల్లో గంటకు 15 మంది, తర్వాత రెండు గంటల్లో గంటకు 9 మంది వచ్చారనుకోండి. 11 గంటలకు ఆరుగురు మిగిలిపోతారు. ఆ సమయానికి వచ్చిన మనిషి అరగంట ఆగాలి. ఆ వరుస పూర్తిగా కరిగేది ఒంటిగంటకే. డాక్టరుగారు పని తగ్గించలేదు, రోగులు పెరగలేదు. గంటకు ముగ్గురు ఎక్కువగా వచ్చినందుకు ఉదయమంతా వరుస నిలబడిపోయింది.

రోడ్డు లెక్క కూడా ఇదే. కాకపోతే ఇంకాస్త మొండిది. వరుస ఎంత పెరిగినా డాక్టరుగారు గంటకు 12 మందిని చూస్తూనే ఉంటారు. రోడ్డు అలా కాదు. వాహనాలు మరీ కిక్కిరిస్తే గంటకు అవతలికి దాటే బళ్ల సంఖ్యే పడిపోతుంది. అవసరం ఎక్కువగా ఉన్న సమయంలోనే రోడ్డు తక్కువ పని చేస్తుంది. ఇందులో మంచి కబురు కూడా ఒకటుంది. వరుసకు కారణం ఆ కొద్ది అదనపు బళ్లే కాబట్టి, వందలో పదో పదిహేనో తగ్గినా వరుస చాలావరకు కరిగిపోతుంది. సెలవు రోజున అదే రోడ్డు ఎంత హాయిగా ఉంటుందో మనకు తెలుసు కదా.

ఇక్కడ తిరకాసు ఏమిటంటే, తొమ్మిదింటికి కారు బయటికి తీసిన మనిషి తనకు పట్టే అరగంటనే లెక్కేసుకుంటాడు. తన కారు చేరినందువల్ల వెనకున్న వందలమందికి తలా కొన్ని సెకన్లు ఆలస్యం పెరిగిందన్నది అతని లెక్కలోకి రాదు. ఆ సెకన్లన్నీ కూడితే అతను పోగొట్టుకున్న సమయం కంటే ఎక్కువే అవుతుంది. ఒకరి పనికి అయ్యే ఖర్చు ఇంకొకరి మీద పడుతుంటే, ఆ మేరకు మొదటివారి మీద పన్ను వేయాలని కేంబ్రిడ్జి ఆర్థికవేత్త ఎ.సి. పిగూ 1920లోనే రాశారు. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో రోడ్డు కూడా ఉంది.

దాన్ని నగరాలకు అన్వయించి జీవితమంతా చెబుతూ వచ్చిన మనిషి విలియం విక్రీ. ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. సబ్‌వే రైళ్లలో రద్దీ వేళ ఒక చార్జీ, ఖాళీ వేళ ఇంకో చార్జీ ఉండాలని 1950లలోనే చెప్పారు. 1959లో వాషింగ్టన్ నగరం కోసం, కార్లలో ఎలక్ట్రానిక్ పరికరం పెట్టి వేళను బట్టి రుసుము లెక్కకట్టవచ్చని సూచించారు. అప్పట్లో ఎవరూ చెవిన పెట్టలేదు. 1996 అక్టోబరులో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు, అదీ ప్రధానంగా వేరే విషయంలో చేసిన పరిశోధనకు. ప్రకటన వచ్చిన మూడో రోజునే ఆయన కన్నుమూశారు.

రోడ్లు వెడల్పు చేస్తే సరిపోదా అని అడిగేవారుంటారు. కొంతకాలం సరిపోతుంది. తర్వాత, ఇదివరకు ట్రాఫిక్‌కు భయపడి మానేసినవారు, వేరే దారిన వెళ్తున్నవారు, ఊరి బయట ఇల్లు కొనుక్కున్నవారు అందరూ ఆ రోడ్డెక్కుతారు. అమెరికా నగరాల్లో హైవేల పొడవు ఎంత శాతం పెరిగిందో వాటి మీద వాహనాల ప్రయాణం కూడా దాదాపు అంతే శాతం పెరిగిందని డ్యురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో లెక్కలతో చూపించారు. హైదరాబాదులో ఫ్లైఓవర్ దిగగానే ఎదురయ్యే సిగ్నలు దగ్గర నిలబడి చూసినవారికి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

డబ్బున్నవారిదేనా దారి?

అసలు అభ్యంతరం ఇది. మన ఆసుపత్రిలో ఎవరైనా డబ్బిస్తానంటే ముందు టోకెన్ ఇవ్వం. ఆయాసంతో వచ్చిన మనిషి ఎవరైనా ముందు లోపలికి వెళ్తారు. మరి రోడ్డు మీద డబ్బు కట్టగలవారికి దారి వదలడం న్యాయమేనా?

సూటిగా అడగవలసిన ప్రశ్నే. అయితే ఇప్పుడున్న పద్ధతి ఉచితం అనుకుంటే పొరపాటు. రద్దీకి బిల్లు ఇప్పుడు కూడా కడుతున్నాం. అది రూపాయల్లో కాకుండా గంటల్లో, ఊపిరితిత్తుల్లో కడుతున్నాం. ఒక కారులో ఒకే మనిషి. వెనక సిటీ బస్సులో యాభై మంది. రెండూ ఒకే వరుసలో ఒకే పది నిమిషాలు ఆగితే, ఒకచోట పది నిమిషాలు పోతాయి, ఇంకోచోట ఐదు వందల నిమిషాలు పోతాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవారికి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఎంతోమందికి అది నిజంగా మేలు. కానీ టికెట్టు సున్నా అయినా సమయం సున్నా కాదు. ఇళ్లల్లో పనిచేసే అమ్మ బస్సులో గంటన్నర నిలబడి వెళ్తే, ఆ గంటన్నరకు ఆమెకెవరూ జీతం ఇవ్వరు. రోజుకూలీకి ఆలస్యమైతే ఆ రోజు పనే పోతుంది. ఆటో డ్రైవరు, ట్రాఫిక్ పోలీసు, రోడ్డు పక్కన తోపుడు బండి పెట్టుకున్నవాళ్లు ఆ పొగ మధ్యనే రోజంతా గడుపుతారు. కాబట్టి బిల్లు ఉండాలా వద్దా అన్న ప్రశ్నకు అర్థం లేదు. బిల్లు ఉంది. అది ఎవరి పేరున పడాలి, వచ్చిన డబ్బు ఎటు పోవాలి అన్నదే తేల్చుకోవాలి.

మొదట తేల్చుకున్నది సింగపూర్. 1975 జూన్‌లో, ఉదయం రద్దీ వేళ నగర కేంద్రంలోకి వచ్చే కార్లు రోజుకు 3 సింగపూర్ డాలర్ల లైసెన్సు కాగితం కొని అద్దానికి అతికించుకోవాలన్నారు. నలుగురు, అంతకన్నా ఎక్కువమంది ఉన్న కారుకు రుసుము లేదు. రద్దీ వేళ ట్రాఫిక్ నలభై శాతానికి పైగా తగ్గింది. మనుషులు ఎక్కడైనా మనుషులే కాబట్టి, తొమ్మిదిన్నరకు నిబంధన ముగిసేదాకా సరిహద్దు బయట కార్లు ఆపుకుని కూర్చునేవారట. దాంతో సమయాన్ని పదింబావు దాకా పొడిగించారు. 1998 నుంచి అక్కడ ఎలక్ట్రానిక్ గేట్లు వచ్చాయి.

స్టాక్‌హోమ్ పిల్లల ఉబ్బసం

మా దృష్టిలో అన్నిటికన్నా నేర్చుకోదగ్గది స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ అనుభవం. కారణం, వాళ్లు ముందు వాడి చూసి, తర్వాత జనాన్ని అడిగారు. కొత్త మందు ఇచ్చేటప్పుడు మేమూ అలాగే చేస్తాం కదా.

ఆ నగరం దీవుల మీద ఉంటుంది, అందుకని లోపలికి దారులు తక్కువ. 18 చోట్ల కెమెరాలు పెట్టి నంబరు ప్లేట్లు చదివే ఏర్పాటు చేశారు. ఆగడం, డబ్బు తీయడం ఉండదు. బిల్లు తర్వాత వస్తుంది. వేళను బట్టి దాటిన ప్రతిసారీ 10, 15 లేదా 20 క్రోనర్లు, రోజుకు 60 మించకుండా. అప్పటి మారకంలో 20 క్రోనర్లంటే సుమారు 120 రూపాయలు. రాత్రివేళ, శని ఆదివారాల్లో రుసుము లేదు. ప్రయోగం 2006 జనవరి 3న మొదలై జులై ఆఖరుకు ముగిసింది.

రుసుము పెట్టడానికి కొన్ని నెలల ముందే, 2005 ఆగస్టులో, దాదాపు 200 కొత్త బస్సులు దించారు. ఇది గమనించండి. బస్సులు వచ్చినంత మాత్రాన కార్లు పెద్దగా తగ్గలేదు. రుసుము మొదలైన రోజునే తేడా కనిపించింది. సరిహద్దు దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. నగరంలోకి వచ్చే దారుల్లో ఆగి నిలబడే సమయం మూడో వంతు నుంచి సగం దాకా పడిపోయింది. పైన ఓపీ లెక్కలో చూసిన విషయమే ఇది. బళ్లు ఐదింట ఒక వంతు తగ్గితే, వరుస అంతకంటే ఎంతో ఎక్కువ తగ్గింది.

ఆ ఐదో వంతు మనుషులు ఎటు పోయారు? ఆ ప్రయోగాన్ని దగ్గరుండి పరిశీలించిన జోనాస్ ఎలియాసన్ అనే రవాణా ఆర్థికవేత్త చెప్పింది ఆసక్తిగా ఉంటుంది. కొందరు బస్సు, రైలు ఎక్కారు. మిగిలినవారు రెండు పనులు ఒకే ప్రయాణంలో చేసుకోవడం, వేళ మార్చుకోవడం లాంటివి చేశారు. అడిగితే, చాలామందికి తాము అలవాటు మార్చుకున్నామన్న సంగతే తెలియలేదట!

జులైలో రుసుము ఆపగానే ట్రాఫిక్ చాలావరకు తిరిగి వచ్చింది. సెప్టెంబరు 17న నగరంలో ఓటింగు పెట్టారు. ప్రయోగానికి ముందు ఎక్కువమంది వద్దన్నవారే. ఏడు నెలలు అనుభవించాక సగానికి కొంచెం ఎక్కువమంది కావాలన్నారు. చుట్టుపక్కల మునిసిపాలిటీల్లో ఓటింగు పెట్టినచోట్ల మాత్రం ఎక్కువమంది వద్దన్నారు, ఎందుకంటే కార్లలో లోపలికి రావలసినది వాళ్లే. 2007 ఆగస్టు నుంచి రుసుము శాశ్వతమైంది. 2016లో రద్దీ వేళ రుసుము 35 క్రోనర్లకు పెంచారు. వచ్చిన డబ్బును కొత్త రోడ్లకు మళ్లించాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించడం మాత్రం మాకు మింగుడుపడలేదు. బస్సుకు వెళ్లి ఉంటే బాగుండేది.

ఇక మన సంగతి. ఆ నగరంలో గాలి, పిల్లల ఆసుపత్రి సందర్శనల లెక్కలను అమెరికా, స్వీడన్ పరిశోధకులు కొందరు కలిసి పరిశీలించారు. గాలిలో కాలుష్యం 5 నుంచి 15 శాతం తగ్గింది. ఆరేళ్ల లోపు పిల్లల్లో ఉబ్బసం తిరగబెట్టి వైద్యానికి తీసుకురావడం కూడా తగ్గింది. తగ్గుదల ఒక్కసారిగా రాలేదు, గాలి శుభ్రంగా ఉన్న కాలం పెరిగే కొద్దీ పెరిగింది. పసివాళ్ల శ్వాసనాళాలు సన్నగా ఉంటాయి. వాళ్లు బరువుకు తగ్గ లెక్కలో పెద్దవాళ్ల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు. నేలకు దగ్గరగా, పొగగొట్టాల ఎత్తులో ఉంటారు. నెబులైజరు పెట్టి, మందు రాసి ఇంటికి పంపిన బిడ్డ మళ్లీ అదే రోడ్డు పక్క ఇంటికి వెళ్తే వారంలో తిరిగి రావడం పిల్లల విభాగంలో ఎవరికీ కొత్త కాదు. మందుతో పాటు గాలి కూడా మారితే ఏమవుతుందో స్టాక్‌హోమ్ చూపించింది.

టోల్ గేటు పక్కన గర్భిణులు

ఇంకో పరిశోధన మన కుటుంబాలకు మరీ దగ్గరిది. అమెరికాలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో టోల్ గేట్ల దగ్గర ఈజీపాస్ అనే పద్ధతి వచ్చింది. మన ఫాస్టాగ్ లాంటిదే. కారు ఆగకుండా డబ్బు కట్ అవుతుంది. జానెట్ కర్రీ, రీడ్ వాకర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు, ఈజీపాస్ రాకముందు, వచ్చిన తర్వాత, టోల్ గేట్లకు 2 కిలోమీటర్ల లోపు ఉన్న తల్లుల కాన్పులను, అదే రోడ్డు వెంట కాస్త దూరంగా ఉన్న తల్లుల కాన్పులతో పోల్చారు. 2011లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం దగ్గరున్న తల్లులకు నెలలు నిండకుండా పుట్టే బిడ్డలు 10.8 శాతం, తక్కువ బరువుతో పుట్టే బిడ్డలు 11.8 శాతం తగ్గారు. ఆ తల్లులు కొత్తగా మందు తిన్నది లేదు. గేటు దగ్గర బళ్లు ఆగి, కదిలి, మళ్లీ ఆగి వదిలే పొగ తగ్గింది, అంతే.

మన దేశంలో జాతీయ రహదారుల మీద 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. సంక్రాంతికి విజయవాడ దారిలో పంతంగి టోల్ గేటు దగ్గర బారులు మాత్రం ఇంకా వార్తల్లోకి వస్తూనే ఉంటాయి. ఎందుకంటే టోలు వేరు, రద్దీ రుసుము వేరు. టోలు రోడ్డు వేసిన ఖర్చు కోసం. తెల్లవారుజామున మూడింటికి వెళ్లినా, భోగి ముందురోజు సాయంత్రం వెళ్లినా అంతే డబ్బు. వేళ మార్చుకున్నవారికి లాభమేమీ లేదు కాబట్టి ఎవరూ మార్చుకోరు.

లండన్, న్యూయార్క్

లండన్ 2003 ఫిబ్రవరి 17న రోజుకు 5 పౌండ్లతో మొదలుపెట్టింది. 2020లో 15 పౌండ్లకు పెంచింది. మొదటి ఏడాది ఆలస్యం సుమారు 30 శాతం తగ్గింది. కొన్నేళ్లకు మళ్లీ పెరిగింది. పైపుల కోసం రోడ్లు తవ్వారు, కొంత రోడ్డును బస్సులకు, నడిచేవారికి వదిలారు. యాప్‌లో పిలిచే క్యాబ్‌లు పెరిగాయి, వాటికి 2019 దాకా రుసుమే లేదు. మందు మోతాదు ఎప్పటికప్పుడు చూసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

లండన్‌లో మాకు నచ్చింది వేరే ఉంది. అంబులెన్సులకు రుసుము లేదు. వికలాంగులు పేరు నమోదు చేసుకుంటే కట్టనక్కర్లేదు. బస్సు, రైలు ఎక్కలేనంత నీరసంగా ఉన్న రోగి ప్రభుత్వ ఆసుపత్రికి చూపించుకోవడానికి కారులో వస్తే, కట్టిన రుసుమును ఆసుపత్రి ద్వారా తిరిగి తీసుకోవచ్చు. కీమోథెరపీకి వచ్చే మనిషినీ, కాలక్షేపానికి కారు తీసిన మనిషినీ ఒకే గాటన కట్టలేదన్నమాట.

న్యూయార్క్ సంగతి అమెరికాలో ఉన్న మన పిల్లల నోట కొందరు వినే ఉంటారు. 2024 జూన్ నెలాఖరులో 15 డాలర్లతో మొదలుకావలసినదాన్ని గవర్నరు చివరి క్షణంలో ఆపారు. చివరికి 2025 జనవరి 5న, మన్‌హటన్‌లో 60వ వీధికి దక్షిణాన ప్రవేశించే కార్లకు పగటివేళ 9 డాలర్లతో మొదలైంది. న్యూజెర్సీ నుంచి రద్దీ వేళ సొరంగం టోలు కట్టి వచ్చినవారికి 3 డాలర్ల దాకా తగ్గింపు. తక్కువ ఆదాయంవారికి నెలలో పది ప్రయాణాల తర్వాత సగం ధర. డబ్బు వెళ్లేది సబ్‌వే, బస్సుల మరమ్మతులకు. మొదటి ఏడాదిలో లోపలికి వచ్చే వాహనాలు సుమారు 11 శాతం తగ్గాయని అక్కడి రవాణా సంస్థ లెక్క. న్యూజెర్సీ రాష్ట్రం దీని మీద కోర్టుకు కూడా వెళ్లింది.

మన దగ్గర?

ఢిల్లీ, బెంగళూరు లాంటి చోట్ల ఇలాంటి ప్రతిపాదనలు అప్పుడప్పుడు వస్తూ ఉన్నాయి. హైదరాబాదుకో విజయవాడకో ఉన్నదున్నట్టు దీన్ని తెచ్చి పెట్టాలని మేము అనం. మన రోడ్ల మీద ఎక్కువ ఉన్నవి మోటారు సైకిళ్లు, స్కూటర్లు. స్టాక్‌హోమ్, లండన్ వాటికి రుసుము వేయలేదు. సింగపూర్, న్యూయార్క్ వేశాయి. డెలివరీ కుర్రవాడు, నర్సింగు డ్యూటీకి స్కూటీ మీద వచ్చే అమ్మాయి మీద భారం పడితే మనం చెప్పుకున్న న్యాయం తలకిందులవుతుంది. పైగా హైదరాబాదులో 69 కిలోమీటర్ల మెట్రో ఉన్నా, స్టేషను నుంచి ఇంటికి నడవడానికి ఫుట్‌పాత్ ఉండదు. బస్సు ముందు, రుసుము తర్వాత. ఆ క్రమం తప్పితే జనం ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. కానీ ఒక మనిషి కారును రోజంతా ప్రధాన రహదారి పక్కన పైసా కట్టకుండా నిలిపి, ఆ రోడ్డులోనే బస్సు ఇరుక్కుపోయేలా చేయడం మాత్రం ఏ పేదవారికోసమూ కాదు. కనీసం అక్కడ రుసుము మొదలుపెట్టడానికి ఏ విదేశీ కెమెరాలూ అవసరం లేదు.

ఈలోగా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. రిపోర్టులు చూపించుకోవడానికి, పాత మందుల చీటీ మార్పించుకోవడానికి వచ్చేవారు పొద్దున్నే రాకుండా కాస్త ఆలస్యంగా బయలుదేరండి. పరగడుపున రక్త పరీక్ష ఉన్నవారు మాత్రం ఉదయమే రావాలి. ఉబ్బసం ఉన్న పిల్లలను బడికి పంపేటప్పుడు, కాస్త చుట్టయినా పెద్ద రోడ్డు వదిలి లోపలి వీధుల్లో తీసుకెళ్లండి. ఇన్‌హేలరు పుస్తకాల సంచిలోనే ఉండాలి. ఆయాసం లేని రోజుల్లో కూడా డాక్టరు రోజూ వాడమన్న ఇన్‌హేలరు ఆపకండి. సిగ్నలు దగ్గర ఎక్కువసేపు ఆగవలసి వస్తే ఇంజను ఆపండి.

అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 10,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు, జైలు కూడా పడవచ్చు. ఛాతీ నొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి ఒక కాలు పడిపోయినా సొంత కారు తీసి ట్రాఫిక్‌లో పడకుండా 108కి ఫోన్ చేయండి. అంబులెన్సులో దారిలోనే వైద్యం మొదలుపెడతారు. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అందుకని రోగితో వచ్చేవారు మూతి వంకరపోవడం సరిగ్గా ఎన్ని గంటలకు కనిపించిందో, అంతకు ముందు మనిషి ఎన్ని గంటలకు బాగా ఉన్నారో ఒక కాగితం మీద రాసి తీసుకురండి.